కండరాల జబ్బు మందులకి పురుగుల మీద ప్రయోగాలంట, నిజంగా పనికొచ్చేదేనా?

కర్నూలు_కుర్రోడు
అందరికీ నమస్తే. మా అక్క కొడుక్కి డీఎండీ, అంటే డ్యూషేన్ మస్క్యులర్ డిస్ట్రఫీ. తొమ్మిదేళ్లు వాడికి, ఇంకా నడుస్తున్నాడు గానీ మెట్లెక్కాలంటే రెయిలింగ్ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కుతాడు. నిన్న మా ఫ్యామిలీ గ్రూపులో పెద్దనాన్న ఒక ఫార్వర్డ్ పెట్టినాడు, కండరాల జబ్బుకి పురుగుల్లో మందు దొరికింది ఇంక భయం లేదు అని. మా అక్క అది చూసి పొద్దున్నించి ఫోన్ల మీద ఫోన్లు, అదెక్కడ దొరుకుతుందో కనుక్కోరా, ఎంతైనా పర్లేదు అంటుంది. నాకేమో అది నమ్మాలో లేదో తెలీట్లా. పురుగుకి కండలుంటాయా అసలు? ఇక్కడ సైన్స్ తెలిసినోళ్లు ఉన్నారు కదా, కొంచెం చెప్పండి.

ఓరుగల్లు_79
గిసొంటి ఫార్వర్డులు వారానికొకటి వస్తయి తమ్మీ. మొన్ననే మా బామ్మర్ది పంపిండు, ఏదో ఆకు నమిల్తే షుగర్ పోతదని. డాక్టర్‌ని అడగకుండ ఏదీ కొనకుర్రి.

ల్యాబ్‌పిల్ల
తమ్ముడూ, నేను పనిచేసేది ఈ పురుగులతోనే. మాది తెనాలి, ఇప్పుడు అమెరికాలో పోస్ట్‌డాక్. మా ల్యాబ్‌లో వయసు మీద పడ్డ పురుగుల కండరాలు చూస్తాం, డీఎండీ మా టాపిక్ కాదు కానీ పక్క ల్యాబుల్లో నడుస్తూ ఉంటుంది.

ముందు మీ అక్కకి చెప్పాల్సింది చెప్తా. పురుగు నుంచి తీసిన మందంటూ ఏదీ లేదు, కొనేది ఏమీ లేదు, ఎవరైనా అమ్ముతుంటే అది మోసం. ఇంక అసలు సంగతి. ఈ పురుగు పేరు సి. ఎలిగాన్స్, మట్టిలో, కుళ్లిన పళ్ల మీద బతుకుతుంది, పొడవు ఒక మిల్లీమీటరు, ఒళ్లంతా పారదర్శకం, మైక్రోస్కోప్ కింద పెడితే బతికున్న పురుగు లోపల కండరం ఎలా ఉందో కొయ్యకుండానే కనిపిస్తుంది. గుడ్డు నుంచి పెద్దదవ్వడానికి మూడు రోజులు, మొత్తం బతుకు రెండు మూడు వారాలు. సంతానానికి పనికొచ్చే కణాలు పక్కన పెడితే ఒంట్లో ఉన్న కణాలు సరిగ్గా 959, అందులో ఒంటి కండరాలవి 95. అవును, లెక్కపెట్టారు, ప్రతి కణం ఏ కణం నుంచి పుట్టిందో కూడా రాసి పెట్టారు. సిడ్నీ బ్రెన్నర్ అనే ఆయన 1960ల్లో కేంబ్రిడ్జ్‌లో ఈ పురుగుని ఎంచుకుని మొదలుపెట్టాడు, 2002లో ఆయనకీ జాన్ సల్స్‌టన్‌కీ రాబర్ట్ హార్విట్జ్‌కీ కలిపి నోబెల్ వచ్చింది.

కండలుంటాయా అంటే బ్రహ్మాండంగా ఉంటాయి, అవి లేకపోతే ఆ పాకడం ఎక్కడిది? మన కండరంలో ఉండే మయోసిన్, ఆక్టిన్ దానిలోనూ ఉన్నాయి, చారలు కూడా ఉన్నాయి కొంచెం ఏటవాలుగా.

రిటైర్డ్_మాస్టారు
అమ్మా, ఒక సందేహం. సర్కారు బళ్లలో ఫిబ్రవరిలోనూ ఆగస్టులోనూ పిల్లలకి ఆల్బెండజోల్ మాత్రలు వేస్తాం కదా నులిపురుగులకి, ఇది అదే పురుగా? అదే అయితే ఒక వంక చంపమని ఒక వంక పెంచమనీ!

ల్యాబ్‌పిల్ల
మాస్టారూ అదే వంశం, కానీ ఇది మనిషి ఒంట్లో చేరేది కాదు, దీనివల్ల ఎవరికీ ఏ రోగం రాదు, నేను రోజూ చేత్తో ముట్టుకుంటున్నా. కాకపోతే మీరన్న లింకు నిజమే. నులిపురుగుల మందుల్లో కొన్ని ఎక్కడ పనిచేస్తాయో తెలిసింది ఈ పురుగు వల్లే. లెవమిసోల్ అని ఇంకో మందుంది, అది పురుగు కండరం మీద నరం సిగ్నల్ అందుకునే చోట కూర్చుని కండరాన్ని బిగదీసేస్తుంది, పురుగు కర్రలా అయిపోతుంది. ఆ మందుకి లొంగని పురుగుల్ని ఏరి చూస్తేనే ఆ సిగ్నల్ అందుకునే భాగాల జీన్లు దొరికాయి.

అనంత_రైతు
ఏమప్పా, మా దానిమ్మ తోటలో వేర్లకు బుడిపెలు బుడిపెలుగా వచ్చినాయి, నులిపురుగు అన్నారు వ్యవసాయ ఆఫీసరు, చెట్లు ఎండిపోతాండాయి. మీరు అమెరికాలో కూసోని దాన్ని ప్రేమగా సాకుతాండారా 😀

ల్యాబ్‌పిల్ల
😀 అది వేరండీ, మీ తోటలోది వేరులో చొరబడి తినేది, మాది బ్యాక్టీరియా తిని బతికేది. రెండూ నెమటోడ్లే, అంటే నులిపురుగుల వంశమే. దానిమ్మ ఊసు మళ్లీ వస్తుంది చూడండి ఈ థ్రెడ్‌లో, వేరే విషయంలో.

కర్నూలు_కుర్రోడు
అక్కా చాలా థ్యాంక్స్. మరి మా వాడి జబ్బు ఆ పురుగుకి ఎట్లా వస్తుంది? పురుగుకి డీఎండీ అంటే నాకు అర్థం కాలా.

ల్యాబ్‌పిల్ల
దానంతట అది రాదు, తెప్పిస్తారు. డిస్ట్రోఫిన్ అనే ప్రోటీన్ లేకపోతే డీఎండీ వస్తుంది. ఈ ప్రోటీన్ పని ఏంటంటే, కండరం కణం లోపల లాగే దారాలకీ కణం పైపొరకీ బయట ఉన్న పట్టుకీ మధ్య పందిరి గుంజకి కట్టిన తాడులా ఉండటం. తాడు లేకపోతే గాలి కొట్టిన ప్రతిసారీ పందిరి చిరుగుతుంది కదా, అలాగే కండరం బిగిసిన ప్రతిసారీ పొర చిరిగి బయటి కాల్షియం లోపలికి వచ్చి పడి కణం చచ్చిపోతూ వస్తుంది. మనుషుల్లో ఈ జీన్ ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంది, సుమారు 22 లక్షల డీఎన్‌ఏ అక్షరాలు, 79 ఎక్సాన్లు (అంటే ప్రోటీన్ తయారీకి వాడుకునే ముక్కలు), మన జీన్లలో ఇంత పెద్దవి అరుదు. అందుకే అందులో ఎక్కడో ఓ చోట ముక్క ఎగిరిపోవడం ఎక్కువ.

పురుగులో కూడా ఇదే ప్రోటీన్ ఉంది, దాదాపు అంతే పొడుగు, జీన్ పేరు డిస్-1. ఫ్రాన్స్‌లో లారాన్ సెగలా అనే ఆయన టీం 1998లో ఇది పోయిన పురుగుల గురించి రాసింది. అవి పాకేటప్పుడు తల మరీ ఎక్కువ ఊపుతాయి, ఆగకుండా తిరుగుతాయి, ఒళ్లు బిగిసి ఉంటుంది. కానీ కండరం మాత్రం పెద్దగా చావలేదు! అందరూ డీలా పడే సంగతి కదా. అప్పుడు వాళ్లు కండరం తయారీకి కావాల్సిన ఇంకో జీన్‌ని, హెచ్‌ఎల్‌హెచ్-1 అంటారు, దాన్ని కొద్దిగా బలహీనం చేసి రెండూ కలిపి చూస్తే 2000కల్లా వయసు పెరిగే కొద్దీ కండరం కణాలు ఒక్కొక్కటే పాడైపోతూ కనిపించాయి. డీఎండీకి పురుగు మోడల్ అని ఎక్కడైనా చదివితే చాలాసార్లు ఇదే.

ఓరుగల్లు_79
అగో, చూసినవా? జబ్బు రాకుంటే ఇంకో జీన్ పాడు చేసి తెప్పిచ్చిర్రు. గట్ల తెప్పిచ్చిన జబ్బుకు దొరికిన మందు మనిషికెట్ల పనిజేస్తది? నాకైతే గిది ముందుగాలనే జవాబు రాస్కొని లెక్క చేసినట్టే కొడ్తంది.

ల్యాబ్‌పిల్ల
మంచి ప్రశ్న అన్నా, మా ఫీల్డ్‌లో వాళ్లే ఒకళ్లనొకళ్లు అడుగుతారు ఇది. ఎలుకల్లో కూడా ఇదే తంటా, డిస్ట్రోఫిన్ లేని ఎండీఎక్స్ ఎలుక మన పిల్లల కంటే చాలా తేలిగ్గా ఉంటుంది, చాలాకాలం బాగానే తిరుగుతుంది.

పురుగులో తేలిగ్గా ఉండటానికి ఇంకో కారణం తర్వాత తెలిసింది. ల్యాబ్‌లో వాటిని అగర్ అనే జెల్లీ మీద పెంచుతాం, నున్నటి నేల మీద పాకడమే, దానికి బలమేం అక్కర్లేదు. ఇల్లినాయ్ స్టేట్ యూనివర్సిటీలో ఆండ్రెస్ విడల్-గడెయా వాళ్లు పురుగుల్ని అగర్ నింపిన గొట్టంలో పెట్టి తవ్వుకుంటూ పొమ్మన్నారు. మట్టిలో పురుగు చేసేది అదే కదా మరి. అలా తవ్వించినప్పుడు డిస్-1 పురుగులు మామూలు వాటికంటే బాగా వెనకబడ్డాయి, రెండో జీన్ ముట్టుకోకుండానే కండరం దెబ్బతినడం కనిపించింది, కణంలో కాల్షియం తేడా అయితే ఇంకా చిన్నప్పుడే మొదలైంది. అంటే జబ్బు ఉంది, కష్టపడే పని పెట్టకపోవడం వల్ల బయటపడలేదు.

ఫిజియో_బెజవాడ
ఈ పాయింట్ నాకు చాలా నచ్చిందండీ ఎందుకంటే మా దగ్గరకొచ్చే పిల్లల్లోనూ ఇదే. ఇంట్లో ఫ్లోర్ మీద నడిపించి బానే ఉన్నాడు అంటారు తల్లిదండ్రులు, కింద కూర్చోబెట్టి లేవమంటే అప్పుడు తెలుస్తుంది, చేతులు మోకాళ్ల మీద, తొడల మీద పెట్టుకుని తన ఒంటి మీదే ఎక్కుతున్నట్టు లేస్తాడు, దాన్ని గవర్స్ సైన్ అంటాం. పిక్కలు లావుగా ఉంటాయి, చూసినవాళ్లు గట్టి పిల్లాడు అనుకుంటారు.

కర్నూలు తమ్ముడూ నీకో మాట, మీ మేనల్లుడి చేత బలం రావాలని గుంజీలు తీయించడం, గెంతించడం, మెట్లు పదేపదే దించడం ఇలాంటివి వద్దు. కండరం సాగుతూ బరువు మోసే పని వీళ్లకి చేటు చేస్తుంది. మడమ వెనక స్నాయువు (టెండన్) బిగుసుకోకుండా రోజూ స్ట్రెచింగ్, రాత్రిపూట స్ప్లింట్, నీళ్లలో తేలికపాటి ఈత, ఇవి మీ ఫిజియోని అడిగి చేయించండి.

కర్నూలు_కుర్రోడు
అయ్యో, మా బావ రోజూ పొద్దున గుంజీలు తీయిస్తాడండీ వాడి చేత, కాళ్లు గట్టిపడతాయని 😟 ఇప్పుడే ఫోన్ చేసి చెప్తా.

డల్లాస్_బాబాయ్
థ్రెడ్ ఇప్పుడే చూశా. పిల్లల సంగతి డాక్టర్లు చూసుకుంటారు, నా వయసు వాళ్ల సంగతి కూడా చెప్పండమ్మా. 63 నాకు. తొడలు పలచబడిపోతున్నాయి, సోఫాలోంచి లేవాలంటే చెయ్యి ఆనించాల్సి వస్తోంది. నేను యూరోలిథిన్ ఏ అని క్యాప్సూల్స్ వాడుతున్నా, పురుగుల్లో ప్రూవ్ అయ్యిందని డబ్బా మీదే రాశాడు, ఆయుష్షు కూడా పెరిగిందంట.

ల్యాబ్‌పిల్ల
ఇదిగో అనంతపురం వారికి చెప్పిన దానిమ్మ ఇదే. దానిమ్మలో ఉండే కొన్ని పదార్థాలని మన పేగులోని బ్యాక్టీరియా విరగ్గొడితే యూరోలిథిన్ ఏ తయారవుతుంది, అందరి పేగులూ తయారుచెయ్యవు. 2016లో స్విట్జర్లాండ్‌లో యోహాన్ ఆవెర్క్స్ వాళ్లు పురుగులకి ఇది పెడితే పాడైపోయిన మైటోకాండ్రియాని (కణానికి శక్తి తయారుచేసే భాగాలు) కణం తనే శుభ్రం చేసుకోవడం పెరిగింది, ఆయుష్షు పెరిగింది, ఎలుకలు ఎక్కువసేపు పరిగెత్తాయి. అక్కడిదాకా నిజం.

తర్వాత మనుషుల్లో చూశారు బాబాయ్ గారూ. 65 దాటిన 66 మందికి నాలుగు నెలలు ఇచ్చి 2022లో ఫలితం ప్రింట్ చేశారు. ఆరు నిమిషాల్లో ఎంత దూరం నడుస్తారు అన్నది ముందే పెట్టుకున్న పరీక్ష, అందులో ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లకీ దీనికీ నమ్మదగ్గ తేడా రాలేదు. కండరం అలసిపోకుండా ఎన్నిసార్లు బిగించగలరు అన్నదాంట్లో మాత్రం కొంత మెరుగు కనిపించింది. డబ్బా మీద పురుగు కథ రాస్తారు గానీ ఆరు నిమిషాల నడక కథ రాయరు.

డల్లాస్_బాబాయ్
అంటే దండగ అంటావా?

ల్యాబ్‌పిల్ల
దండగ అనను, తేలలేదు అంటాను. నా డబ్బైతే పెట్టను.

అనంత_రైతు
మా తోట దానిమ్మ పంపిస్తా తిను బాబాయ్, మాత్ర కంటే చౌక, మాకూ నాలుగు రూపాయలు వస్తాయి.

రిటైర్డ్_మాస్టారు
నాకు 71. వయసైతే కండ తగ్గుతుంది అన్నది మా తాత కూడా చెప్పాడు, దానికి పురుగు దేనికమ్మా?

ల్యాబ్‌పిల్ల
మాస్టారూ ఇది నా సొంత ఏరియా కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తా, తిట్టుకోకండి.

మనిషిలో ముసలితనం చూడాలంటే నలభై ఏళ్లు కాచుకోవాలి, ఎలుకలో రెండేళ్లు. పురుగులో పదో రోజుకే కనిపిస్తుంది. 2002లో మోనికా డ్రిస్కాల్ వాళ్లు రట్గర్స్‌లో పురుగు ఒళ్లంతా వెతికి చూశారు ముసలితనంలో ఏది ముందు పోతుందో అని. నరాల కణాలు చూడ్డానికి చివరిదాకా చెక్కుచెదరకుండా ఉన్నాయి, కండరం మాత్రం మనుషుల్లో లాగే దారాలు చెదిరిపోయి పలచబడింది. ఇంకో విచిత్రం, అవన్నీ ఒకే జీన్లున్న పురుగులు, ఒకే ప్లేటు, ఒకే తిండి, అయినా ఒకటి పన్నెండో రోజుకే మంచాన పడితే దాని పక్కది హాయిగా పాకుతోంది. జీన్లూ తిండీ కాకుండా కేవలం యాదృచ్ఛికం అనేదానికి అంత వాటా ఉందని అక్కడ కళ్లకి కట్టినట్టు తెలిసింది, నేను ఈ ఫీల్డ్‌లోకి వచ్చిందే ఆ పేపర్ చదివి.

తర్వాత 2013లో మిషిగన్‌లో షాన్ షూ ల్యాబ్ వాళ్లు ఇంకో ప్రశ్న వేశారు. ముసలి పురుగు మెల్లగా పాకుతోంది సరే, తప్పు కండరానిదా, కండరానికి ఆర్డర్ వేసే నరానిదా? కొలిచి చూస్తే నరం పని ముందు మందగించింది, కండరం అప్పటికింకా బాగానే ఉంది, తర్వాత తగ్గింది. నరం చూడ్డానికి బాగానే ఉంది పని మాత్రం తగ్గింది, రెండు పేపర్లకీ గొడవేం లేదు. సరే ఆ నరాల్ని కొంచెం తట్టి లేపితే? అని అరికోలిన్ అనే మందు ఇస్తే ముసలి పురుగులు బాగా కదిలాయి. అరికోలిన్ అంటే ఏంటో తెలుసా, మన వక్కలో ఉండేదే.

ఓరుగల్లు_79
వక్కనా?? మా నాయిన 84 ఏండ్లకు గూడ పొలం గట్ల మీద నడిషేటోడు, నోట్ల వక్క తీసేటోడే కాదు. ఇయ్యాల తెలిసింది సీక్రెట్ 😂

ల్యాబ్‌పిల్ల
నేను భయపడింది ఇదే అన్నా 😂 దయచేసి ఎవరూ దీన్ని ఫార్వర్డ్ చెయ్యకండి. వక్క నమిలితే నోటి క్యాన్సర్ వస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2004లోనే తేల్చింది, పొగాకు కలపకపోయినా సరే. ఆ ప్రయోగం చెప్పేది వక్క తినమని కాదు, ముసలితనం కండరం జబ్బులో నరం పాత్ర వెతకమని. దారి చూపించింది, అంతే.

ఫిజియో_బెజవాడ
మాస్టారూ, బాబాయ్ గారూ, ఇంట్లోనే చూసుకోవచ్చు మీరు. చేతులు గుండెల మీద కట్టుకుని కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోండి, 12 సెకన్లు గానీ అంతకన్నా ఎక్కువ గానీ పడితే డాక్టర్‌కి చూపించుకోవాలి. చేతి పట్టు కొలిచే మెషిన్ ఉంటే మగవాళ్లకి 28 కిలోలు, ఆడవాళ్లకి 18 కిలోల కన్నా తగ్గకూడదు. ఆసియా వాళ్ల కోసం 2019లో పెట్టిన లెక్కలు ఇవి. పక్కన ఎవరినైనా పెట్టుకోండి, పడిపోతే నన్ను తిడతారు.

డల్లాస్_బాబాయ్
14 సెకన్లు 😐

ఫిజియో_బెజవాడ
అయితే క్యాప్సూల్ డబ్బులతో ఒక ట్రైనర్‌ని పెట్టుకోండి, బరువులెత్తడం నేర్చుకోండి. నడక మంచిదే గానీ నడకతో తొడ కండ రాదు, దానికి బరువు పడాల్సిందే. ప్రోటీన్ కూడా పెంచాలి, కిలో బరువుకి ఒక గ్రాము, ఒకటింపావు దాకా, కిడ్నీ సమస్య లేకపోతే. రెండు ముద్దల పప్పన్నం, చారు, పెరుగుతో అంత రాదు, గుడ్డో చేపో పనీరో కలవాలి.

ల్యాబ్‌పిల్ల
దీనికి పురుగు సాక్ష్యం కూడా ఉందండోయ్. వాటిని నీళ్లలో వేస్తే ఈదుతాయి, ఆ ఈత వాటికి నిజంగానే వ్యాయామం అని డ్రిస్కాల్ ల్యాబ్‌లోనే రికార్డో లారాంజైరో చూపించాడు. వయసులో ఉన్నప్పుడు కొన్ని రోజులు ఈత కొట్టించిన పురుగులు నడివయసు దాటాక కూడా మిగతావాటికంటే గట్టిగా ఉన్నాయి, పేగు బాగుంది, నేర్చుకోవడం కూడా మెరుగైంది. 2019లో వచ్చింది. టెక్సస్ టెక్‌లో శివ వానపల్లి గారి ల్యాబ్ అయితే పురుగు బలం కొలవడానికి వెంట్రుక కన్నా సన్నటి రబ్బరు స్తంభాల అడవి లాంటిది తయారు చేసింది, పురుగు వాటి మధ్యలోంచి దూరుతూ స్తంభాన్ని ఎంత వంచిందో చూసి బలం లెక్కేస్తారు. ఆయన మీకు తెలుసా అని అడక్కండి, పరిచయం లేదు.

రిటైర్డ్_మాస్టారు
అంతరిక్షంలోకి కూడా పంపారట కదా వీటిని?

ల్యాబ్‌పిల్ల
పంపారు మాస్టారూ, వ్యోమగాముల కండరం కూడా అక్కడ వేగంగా కరిగిపోతుంది కాబట్టి. 2018 డిసెంబర్‌లో నాటింగ్‌హామ్, ఎక్సెటర్ యూనివర్సిటీల వాళ్లు వేల పురుగుల్ని అంతర్జాతీయ స్పేస్ స్టేషన్‌కి పంపారు ఇదే పని మీద. అంతకు ముందు 2003 ఫిబ్రవరి 1న కూలిపోయిన కొలంబియాలో కూడా ఇవి ఉన్నాయి, కల్పనా చావ్లా ఉన్న షటిల్ అది. తర్వాత టెక్సస్‌లో దొరికిన డబ్బాలు తెరిస్తే పురుగులు బతికే ఉన్నాయి. నేను అది క్లాసులో విన్నప్పుడు మెచ్చుకోవాలో ఏడవాలో తెలీలేదు.

ఓరుగల్లు_79
అన్నీ మంచిగనే ఉన్నయి అక్కా, నువ్వు పురుగు దిక్కు ఉన్నవు కాబట్టి చెప్తున్నవు. పురుగుతోని కానిదేంది, గది చెప్పు.

ల్యాబ్‌పిల్ల
చెప్తా. పురుగుకి రక్తం లేదు, గుండె లేదు, ఊపిరితిత్తులు లేవు. డీఎండీ పిల్లల ప్రాణం మీదికి వచ్చేది చివరికి గుండె, ఊపిరి కండరాల వల్లే, అది పురుగులో చూడలేం. రెండోది ఇంకా పెద్దది. మన కండరం పక్కన మూలకణాలు ఉంటాయి, దెబ్బ తగిలితే కొత్త కండ పోస్తాయి. పురుగుకి అవి లేవు, గుడ్డు నుంచి బయటకొచ్చినప్పుడు 81, తర్వాత ఓ 14 కలిసి 95, ఇంక అంతే, పోయింది పోయినట్టే. కాబట్టి కండ తిరిగి పొయ్యడం గురించి పురుగుని అడిగి లాభం లేదు. మన దగ్గర చచ్చిన కండరం చోట కొవ్వు, పీచు చేరడం, తెల్లకణాలు వచ్చి మంట (ఇన్‌ఫ్లమేషన్) పెట్టడం ఉంటుంది, అవీ లేవు.

కానీ ఆ లేకపోవడమే ఒక చోట అక్కరకొచ్చింది, నాకు ఈ మొత్తం కథలో బాగా ఇష్టమైన ముక్క ఇది. కర్నూలు తమ్ముడూ, మీవాడికి స్టెరాయిడ్ ఇస్తున్నారు కదా, ప్రెడ్నిసొలోనో డెఫ్లజాకార్టో? అది పనిచేసేది మంట తగ్గించి అని అందరూ అనుకునేవాళ్లు. సెగలా వాళ్లు 2004లో ఆ జబ్బు పురుగులకి ప్రెడ్నిసోన్ పెట్టి చూశారు, పాడైన కండరం కణాల సంఖ్య తగ్గింది. మంట పెట్టే తెల్లకణాలే లేని ఒంట్లో అది పనిచేసిందంటే దానికి కండరం లోపలే ఏదో పని ఉన్నట్టే కదా. ఎలుకలో అయితే ఈ రెండూ ఇంత తేలిగ్గా విడదీయలేం. ఇలాంటి ప్రశ్నకే పురుగు. అంతేగానీ పురుగులో బాగుపడింది కాబట్టి మెడికల్ షాపుకి పోదాం అంటే కాదు. అదే టీం 2009లో కంటి ప్రెషర్‌కి వాడే మందుల కుటుంబంలోవి రెండు పురుగుల్లోనూ ఎండీఎక్స్ ఎలుకల్లోనూ కొంత పనిచేశాయని రాసింది, ఇన్నేళ్లయినా డీఎండీ పిల్లలకి రాసే మందులు కాలేదు అవి. 2021లో హైడ్రోజన్ సల్ఫైడ్‌ని మైటోకాండ్రియాకి చేరవేసే పదార్థాలతో డిస్-1 పురుగులు మెరుగైనట్టు ఇంకో పేపర్ వచ్చింది, మీ పెద్దనాన్న ఫార్వర్డ్ బహుశా ఇలాంటి ఏదో వార్త నుంచే పుట్టి ఉంటుంది.

ఓరుగల్లు_79
గిట్ల చెప్తే ఒప్పుకుంట. ఇంకోటి, ఒక్క జబ్బు తప్ప పురుగుతోని వేరే కండరాల జబ్బులకు ఏమన్న తెలిసిందా?

ల్యాబ్‌పిల్ల
తెలిసింది అన్నా. కండరం మోటారు లాంటి మయోసిన్ ప్రోటీన్ పూర్తి వరస మొట్టమొదట చదివింది ఈ పురుగు జీన్ నుంచే, అంక్-54 అని, 1980ల మొదట్లో. 1990లో మనుషుల్లో గుండె కండ మందమయ్యే వంశపారంపర్య జబ్బుకి మయోసిన్ జీన్‌లో మార్పే కారణం అని దొరికింది. నడుము, భుజాల దగ్గర కండ కరిగే ఒక రకం జబ్బుకి కారణమైన డిస్ఫెర్లిన్ జీన్ ఏంటా అని 1998లో చూస్తే, దాని బంధువు పురుగు వీర్యకణాల్లో అప్పటికే దొరికి ఉంది. ఇంకో తమాషా, జీన్ల నోరు నొక్కే ఆర్‌ఎన్‌ఏఐ పద్ధతికి 2006లో నోబెల్ వచ్చింది కదా, ఆండ్రూ ఫైర్, క్రెయిగ్ మెలో 1998లో అది నిరూపించడానికి వాడుకున్నది అంక్-22 అనే కండరం జీనే. అది మూగబోతే పురుగు వణుకుతుంది, వణుకు చూస్తే చాలు ప్రయోగం పనిచేసినట్టు.

కర్నూలు_కుర్రోడు
అక్కా అన్నీ చదివినా. మా అక్కకి ఫోన్లో చెప్పినా మందు లేదు అని, కాసేపు ఏడ్చింది. ఇప్పుడు ఇంకో సంగతి అడుగుతా, ఇది అసలు ఎవరికీ చెప్పుకోలేకుండా ఉన్నా. మా చెల్లికి సంబంధాలు చూస్తున్నాం. ఈ జబ్బు తల్లి నుంచి వస్తుంది అని ఎవరో అన్నారని మా అమ్మ అక్క కొడుకు సంగతి బయట చెప్పొద్దు అంటుంది. చెల్లి పిల్లలకి కూడా వస్తుందా? మావాడి రిపోర్టులో ఎక్సాన్ 45 నుంచి 50 డిలీషన్ అని ఉంది.

ల్యాబ్‌పిల్ల
తమ్ముడూ దాచొద్దు, ముందు టెస్టు చేయిద్దాం, చెప్పాలా వద్దా తర్వాత సంగతి. ఇక్కడ పురుగు ఏం చెయ్యలేదు, కానీ మీ చేతిలో ఉన్న ఆ రిపోర్టే సగం పని చేసింది. ఏ ముక్క ఎగిరిపోయిందో తెలుసు కాబట్టి అదే ముక్క మీ అక్కలో ఉందా, మీ అమ్మలో ఉందా, చెల్లిలో ఉందా అని రక్తం తీసి చూడటమే.

మూడింట ఒక వంతు పిల్లల్లో ఈ మార్పు కొత్తగా వస్తుంది, తల్లికి ఉండదు. మీ అమ్మకి ఉంటే చెల్లికి ఉండే అవకాశం సగం. మీ అమ్మకి లేదని తేలినా చెల్లికి చేయించడం మంచిదే, ఎందుకంటే రక్తంలో కనపడకుండా అండాల్లో ఉండే సందర్భాలు కొన్ని ఉంటాయి. చెల్లికి లేదంటే ఆమె పిల్లలకి ఈ మార్పు ఆమె నుంచి వెళ్లదు. ఉందంటే పుట్టే మగపిల్లల్లో సగం మందికి వచ్చే అవకాశం, దానికి కడుపులో ఉన్నప్పుడే చేసే పరీక్షలు ఉన్నాయి, పెళ్లి ఆపుకోవాల్సిన పనేం లేదు. క్యారియర్ అని, అంటే ఈ మార్పు మోస్తున్నారని తేలిన ఆడవాళ్లు, మీ అక్క కూడా, అప్పుడప్పుడు గుండె చూపించుకోవాలి, ఇది చాలామంది చెప్పరు.

హైదరాబాద్‌లో నిమ్స్, ఉప్పల్‌లోని సీడీఎఫ్‌డీ (డీఎన్‌ఏ పరీక్షల కేంద్ర సంస్థ) రెండూ కలిపి అరుదైన జబ్బుల జాతీయ విధానం కింద సెంటర్ ఆఫ్ ఎక్సలెన్స్. నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగంలో అడగండి. ఇంకోటి, 45 నుంచి 50 డిలీషన్ అంటే ఎక్సాన్ 51 స్కిప్పింగ్ మందుకి, అంటే ఆ ముక్కని దాటేసి మిగతాది చదివించే మందుకి సరిపడే రకం. అమెరికాలో 2016లో ఎటెప్లిర్సెన్‌కి అనుమతిచ్చారు, ఖరీదు భయంకరం, దాంతో తయారయ్యే డిస్ట్రోఫిన్ సగటున మామూలు మనిషిలో ఉండేదాంట్లో ఒక శాతం కూడా లేదు. ఎవరైనా దానికోసం ఇల్లు అమ్మమంటే ముందు జెనెటిక్స్ డాక్టర్‌తో మాట్లాడండి.

ఫిజియో_బెజవాడ
స్టెరాయిడ్ డాక్టర్ చెప్పకుండా ఒక్కసారిగా ఆపకండి, ఆ ఒక్కటీ గుర్తుపెట్టుకోండి. ఫార్వర్డులు చూసి ఆపేసి ఆసుపత్రి పాలైన పిల్లల్ని చూశా.

రిటైర్డ్_మాస్టారు
నాయనా, మీ అమ్మగారితో నేను మాట్లాడనా? నాకూ ఇద్దరు ఆడపిల్లలు. రేపు అవతలివాళ్లకి తెలిశాక వచ్చే మాట కన్నా ఇప్పుడు టెస్టు కాయితం చేతిలో పెట్టుకుని చెప్పే మాటే నయం. నంబరు ప్రైవేట్ మెసేజ్‌లో పెట్టు.

కర్నూలు_కుర్రోడు
పెడతా మాస్టారూ. వచ్చే వారం అమ్మని, చెల్లిని తీసుకుని హైదరాబాద్ పోతాం. రిపోర్టు ఫోటో ఇక్కడ పెడితే అక్క ఒకసారి చూస్తుందా?

మోడరేటర్
ఫోటో ఇక్కడ పెట్టకండి, బాబు పేరు, ఆసుపత్రి నంబరు కనిపిస్తాయి. ల్యాబ్‌పిల్ల గారికి ఇష్టమైతే ప్రైవేట్‌గా పంపుకోండి, పేరు చెరిపేసి. డల్లాస్ బాబాయ్ గారి క్యాప్సూల్ గొడవ, ప్రోటీన్ లెక్కలు వేరే థ్రెడ్‌లోకి మారుస్తున్నాను, దీన్ని డీఎండీ వాళ్లకి వదిలేద్దాం.

ల్యాబ్‌పిల్ల
పంపు తమ్ముడూ, చూస్తా. నేను డాక్టర్‌ని కాదు, అక్కడ ఏం అడగాలో రాసిస్తా అంతే. చెల్లి టెస్టుకి వెళ్లేటప్పుడు బాబు రిపోర్టు ఒరిజినల్ వెంట పెట్టుకోండి, అది లేకపోతే మళ్లీ మొదటినుంచి వెతకాల్సి వస్తుంది.